పిడుగు జాడ పట్టిన పోపోవ్

నారాయణఖేడ్ ప్రాంతంలో రోహిణి కార్తెలో మబ్బులు కమ్మినప్పుడు మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ పెట్టి విన్నవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. దూరాన మెరుపు మెరిసినప్పుడల్లా రేడియో చిటపటలాడుతుంది. పాటకు అడ్డం వస్తోందని విసుక్కుంటాం. కాని రేడియో తొలినాళ్లలో పనికి వచ్చింది ఈ చప్పుడును పట్టుకోవడానికే. ఆ పని సాధించినవారు రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ పోపోవ్.

ఆయన 1859లో యూరల్ పర్వత ప్రాంతంలోని ఒక గనుల ఊళ్లో జన్మించారు. తండ్రి చర్చి పూజారి. కొడుకును కూడా మత పాఠశాలకే పంపారు గాని, ఆయన మనసు యంత్రాల మీదనే ఉండేది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువు ముగించి, 1883లో క్రోన్‌స్టాట్ నౌకాదళ పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

గాలిలో కంటికి కనబడని విద్యుత్ తరంగాలు సాగుతాయని జర్మనీకి చెందిన హెర్ట్జ్ 1888 నాటికి రుజువు చేశారు. మెరుపు కూడా పెద్ద విద్యుత్ రవ్వే గదా, దాని తరంగాలూ దొరకాలి గదా అని పోపోవ్ ఆలోచన.

ఆయన పరికరంలో వింత వస్తువులేవీ లేవు. ఒక గాజు గొట్టంలో ఇనుప రజను, ఒక బ్యాటరీ, ఒక రిలే, ఒక కరెంటు గంట, పైకి కట్టిన తీగ. మామూలప్పుడు రజను వదులుగా ఉండి కరెంటును పోనివ్వదు. మెరుపు తరంగం తీగకు తగలగానే రజను ఒకదానికొకటి అంటుకుంటుంది, కరెంటు పారుతుంది, గంట మోగుతుంది. అసలు తెలివి ఇక్కడుంది. గంట కొట్టిన సుత్తే వెనక్కి వచ్చి గాజు గొట్టాన్ని తడుతుంది. రజను మళ్లీ విడిపోయి తర్వాతి మెరుపుకు సిద్ధమవుతుంది. మనిషి చేయి పెట్టనక్కర లేదు.

1895 మే 7న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శాస్త్రజ్ఞుల సభలో దీనిని చూపించారు. ఆ వేసవిలోనే అక్కడి అటవీ విద్యాసంస్థ వాతావరణ కేంద్రంలో అమర్చారు. తిరిగే కాగితంపై కలం ప్రతి మెరుపుకూ ఒక గీత గీసేది. ఉరుము చెవికి అందనంత దూరాన ఉన్న గాలివాన కూడా కాగితం మీదికి ఎక్కేది.

మన ఇంట్లో బ్యాటరీ ట్రాన్సిస్టర్ ఈ పనే చేస్తుంది. మీడియం వేవ్‌లో స్టేషన్ ఏదీ రాని చోట ముల్లు నిలపాలి. ఎఫ్.ఎం.లో ఇది అంతగా వినబడదు. బోరు మోటారు, ట్యూబులైటు చేసే గోల ఎడతెగకుండా వస్తుంది. మెరుపుది విడివిడిగా, టప్పుమని వస్తుంది. చిటపటలు దగ్గర దగ్గరగా వస్తుంటే చేనులోని వారిని పిలిపించి, చెట్ల కింది నుంచి ఇంట్లోకి చేర్చాలి. చిటపట లేదని ధైర్యపడరాదు, మొదటి పిడుగే మీద పడవచ్చు. బయటికి తీగ కట్టిన రేడియోను మాత్రం ఉరుముల వేళ ముట్టరాదు. నేడు పుణె వాతావరణ శాస్త్రజ్ఞుల దామిని యాప్ కూడా ఇలా తరంగాలు పట్టే పరికరాల సాయంతోనే సెల్‌ఫోనులో హెచ్చరిస్తుంది.

పోపోవ్ తన పరికరానికి పేటెంటు తీసుకోలేదు. మార్కోనీ 1896లో ఇంగ్లండులో పేటెంటుకు దరఖాస్తు చేశారు. రేడియో ఎవరిదన్న తగవు నేటికీ తెగలేదు. ఆ రోజుల్లోనే కలకత్తాలో మన జగదీశ్ చంద్ర బోస్ కూడా తీగ లేకుండా గంట మోగించారు. 1900లో మాత్రం పోపోవ్ పని మనుషుల ప్రాణాలు కాపాడింది. ఫిన్లాండ్ సింధుశాఖలో మంచుపలకపై కొట్టుకుపోతున్న జాలరులను వెదకమని ఆయన ఏర్పాటు చేసిన వైర్‌లెస్ ద్వారా యెర్మాక్ ఓడకు కబురు అందింది. ఓడ వెళ్లి వారిని రక్షించింది.

1905లో ఆయన విద్యుత్ సాంకేతిక విద్యాసంస్థకు డైరెక్టరయ్యారు. విద్యార్థుల అలజడుల కాలమది. పైఅధికారులతో ఘర్షణ పడిన కొద్ది రోజులకే, 1906 జనవరిలో, మెదడులో రక్తస్రావంతో కన్నుమూశారు. వయసు 46. మార్కోనీకి నోబెల్ బహుమతి వచ్చింది 1909లో.