కొట్టంలో మొలిచిన నవ్వు: జేన్ ఆస్టిన్

మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరవంటి తిరునాళ్ళలో తిరిగిన తెలుగువారికి ఆట అంటే ఏమో వేరే చెప్పనక్కరలేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు పలికే మాటలు ఏ గ్రంథంలోను ఉండవు. వీథి భాగవతంలో హాస్యగాడు విసిరే చమత్కారాలు ఎవరూ ముందుగా వ్రాసి ఇచ్చినవి కావు. ఎదుట కూర్చున్న జనాన్ని చూచి, ఆ ఊరి సంగతులు కనిపెట్టి, అప్పటికప్పుడు అల్లిన మాటలే అవి. అట్లే అవధాన సభలో పృచ్ఛకుడు పొందులేని నాలుగు పదాలు ఇస్తే అవధాని వాటిని పొదిగి పద్యం చెప్తాడు. అడిగేది సభ, అల్లేది కళాకారుడు. ఈ విద్య మనకు కొత్తది కాదు.

ఇంగ్లండులో 2011లో కొందరు హాస్యనటులు చేరి ఇటువంటి ఆటనే మొదలుపెట్టారు. ఆ బృందం పేరు ఆస్టెంటేషస్. ప్రేక్షకులు తమకు తోచిన నవల పేరొకటి కల్పించి ఇస్తారు. జేన్ ఆస్టిన్ వ్రాయగా మరుగున పడిన నవల అదేనన్నట్లు భావించి, నటులు ఆమె కాలపు వేషాలతో, వాద్యసహకారంతో, ఒక ప్రేమకథను అక్కడికక్కడే అల్లి ఆడి నవ్విస్తారు. ఏ రాత్రి ఆట ఆ రాత్రిదే. రెండు వందల ఏండ్లకు పూర్వం కన్నుమూసిన ఒక అవివాహిత, బ్రతికి ఉండగా తన నవలలలో ఒక్కదానిమీదనైనా తన పేరు చూచుకొనని స్త్రీ, నేటి నటులకు ఇంత చనువు ఎట్లా ఇవ్వగలిగింది? ఆమె జీవితం చదివితే దానికి సమాధానం దొరుకుతుంది. ఆ జీవితానికి నాటకంతో పరిచయం పసితనంలోనే కలిగింది.

జేన్ ఆస్టిన్ 1775 డిసెంబరు 16న దక్షిణ ఇంగ్లండులోని హాంప్‌షైర్ మండలంలో, స్టీవెంటన్ అనే చిన్న గ్రామంలో జన్మించింది. తండ్రి జార్జి ఆస్టిన్ ఆ ఊరి చర్చి గురువు. తల్లి కసాండ్రా. ఎనమండుగురు సంతానంలో జేన్ ఏడవది. ఆరుగురు అన్నదమ్ములు, ఒకే ఒక అక్క. ఆ అక్క పేరు కూడా కసాండ్రాయే. గురువుగారి ఆదాయం సంసారానికి చాలక, కొందరు పిల్లలను ఇంట ఉంచుకొని చదువు చెప్పేవాడు. ఇంట్లో ఐదు వందల పుస్తకాలవరకు ఉండేవి. జేన్‌కు బడిచదువు స్వల్పం. ఏడేండ్ల వయసులో అక్కతో పాటు ఇల్లు విడిచి చదువుకు వెళ్ళి, సౌతాంప్టన్‌లో విషజ్వరం తగిలి చావు తప్పించుకొని వచ్చింది. పిమ్మట రెడింగులో కొద్దికాలం చదివింది. 1786 చివరకు ఆ చదువూ ముగిసింది. అప్పటికి ఆమెకు పదకొండేండ్లు. తక్కిన విద్య అంతా తండ్రి పుస్తకాలలోను, ఇంటి మాటలలోను అబ్బినదే.

ఆ ఇంటికి ఇంకొక పాఠశాల ఉండేది. అది రంగస్థలం. 1782 మొదలు కొన్నేండ్లపాటు పెద్దన్న జేమ్స్ తమ్ముళ్ళను, చుట్టాలను, ఇరుగుపొరుగువారిని కూడగట్టి నాటకాలు ఆడించేవాడు. ప్రస్తావనలు, భరతవాక్యాలు తానే పద్యాలలో కూర్చేవాడు. ఒక్కొక్కప్పుడు భోజనశాల, ఒక్కొక్కప్పుడు ధాన్యం దాచే కొట్టం రంగశాల అయ్యేది. 1784లో వారు షెరిడన్ వ్రాసిన ది రైవల్స్ అనే హాస్యనాటకం ఆడారు. జేన్‌కు అప్పుడు ఎనిమిదేండ్లు. నవలలు చదివి తలకెక్కించుకొని, లేచిపోవడంలోనే ప్రేమకు రుచి ఉన్నదని భ్రమించే పడుచు ఒకతె, పెద్ద పెద్ద మాటలు తప్పుగా వాడి నవ్వులపాలయ్యే పెత్తనపుటమ్మ ఒకతె అందులో పాత్రలు.

ఈ నాటకానికి తెలుగువారితో చుట్టరికం ఉన్నది. కందుకూరి వీరేశలింగంగారు దానినే అనుసరించి కల్యాణ కల్పవల్లి రచించారు. 1880లో రాజమహేంద్రవరంలో తమ విద్యార్థులచేత నాటకాలు ఆడించిన ఆ మహానుభావుడు, హాంప్‌షైర్‌లోని ఆ చిన్నపిల్ల నవ్వుతూ చూచిన హాస్యాన్నే తెలుగు వేషంలో మనకు చూపించారు. దేశాలు వేరైనా పెండ్లి, డబ్బు, పెద్దల పంతం, పిల్లల వలపు ఈ నాలుగూ చేరినచోట నవ్వు పుట్టడం ఒకటే.

1787 క్రిస్మసు పండుగకు మేనత్త కూతురు ఎలైజా స్టీవెంటన్ వచ్చింది. ఆమె ఒక ఫ్రెంచి ప్రభువు భార్య. అందగత్తె, మాటకారి. ఆ యేడు నాటకంలో నాయిక వేషం ఆమెదే. జేమ్స్, హెన్రీ అన్నలిద్దరూ ఆమె చుట్టూ తిరిగారు. పన్నెండేండ్ల జేన్ కండ్లు విప్పుకొని ఇదంతా చూచింది. వేషం మాటున పలికిన ప్రేమవాక్యం వేషం తీసిన తరువాత కూడా మనసులో నిలిచిపోగలదని ఆ పిల్ల అప్పుడే గ్రహించి ఉంటుంది. ఎలైజా భర్త ఫ్రెంచి విప్లవంలో 1794లో శిరచ్ఛేదం పొందాడు. 1797లో ఆమె హెన్రీని పెండ్లాడింది.

నాటకాలు చూచిన ఆ పిల్ల పదకొండు పన్నెండేండ్లకే కలం పట్టింది. ఇంటివారికి చదివి వినిపించి నవ్వించడానికి వ్రాసిన రచనలను మూడు పుస్తకాలలో ఎత్తి వ్రాసుకున్నది. వాటిలో చిట్టి నాటకాలు కూడా ఉన్నాయి. 1790లో వ్రాసిన లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్ అనే కథ ఆనాటి కన్నీటి నవలలకు వెక్కిరింత. అందులో నాయికలు వంతులవారీగా మూర్ఛపోతుంటారు. ఫ్రెండ్‌షిప్ అనే మాటలో అక్షరాలు తారుమారు చేసి వ్రాసింది. ఆ తప్పు ఈనాటికీ ముద్రణలో అట్లే నిలిచి ఉన్నది. మరుసటి యేడు బడిపుస్తకాలను ఎగతాళి చేస్తూ ఇంగ్లండు చరిత్ర ఒకటి వ్రాసింది. రాజుల బొమ్మలు అక్క వేసింది. తేదీలు చాలా కొద్దిగా ఉన్న ఆ చరిత్ర నేటికీ నవ్విస్తుంది.

నవ్వు వేరు, బ్రతుకు వేరు. కట్నం తేలేని కన్యకు ఆనాటి ఇంగ్లండులో పెండ్లి కావడం కష్టం. పెండ్లి కాకపోతే తండ్రి బ్రతికినంత కాలం తండ్రి, ఆ తరువాత అన్నదమ్ములు పోషించవలసిందే. ఉద్యోగమంటే పరుల ఇంట పిల్లలకు చదువు చెప్పే కొలువు ఒక్కటే. 1795 డిసెంబరులో టామ్ లెఫ్రాయ్ అనే ఐరిష్ యువకుడు పొరుగున బంధువుల ఇంటికి వచ్చాడు. నృత్యసభలలో ఇద్దరికీ స్నేహం కలిసింది. అతనికి ఆస్తి లేదు, ఆమెకు కట్నం లేదు. కొద్ది వారాలలోనే అతడు వెళ్ళిపోయాడు. తరువాతి కాలంలో అతడు ఐర్లండుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. అక్క కసాండ్రా దుఃఖం ఇంకా పెద్దది. పెండ్లి నిశ్చయమైన వరుడు 1797లో వెస్టిండీస్ దీవులలో జ్వరంతో మరణించాడు. ఆమె మరి పెండ్లి తలపెట్టలేదు.

ఆ రోజులలోనే జేన్ ఫస్ట్ ఇంప్రెషన్స్ అనే నవల పూర్తి చేసింది. తండ్రి 1797లో లండను ప్రకాశకునికి దానిని గూర్చి జాబు వ్రాశాడు. వారు ప్రతి చూడకుండానే వద్దన్నారు. 1801లో తండ్రి పదవి విడిచి, సంసారాన్ని బాత్ నగరానికి మార్చాడు. పుట్టిన ఊరు, తండ్రి పుస్తకాలు, అన్నీ విడిచిపోయాయి. 1802 డిసెంబరు 2న హారిస్ బిగ్ విదర్ అనే ధనికుడు ఆమెను పెండ్లాడగోరాడు. అతని ఇల్లు పెద్దది, ఆస్తి పెద్దది. ఒప్పుకుంటే తల్లికి, అక్కకు కూడా నీడ దొరుకుతుంది. ఆమె ఒప్పుకున్నది. రాత్రి గడిచింది. తెల్లవారగానే మాట వెనుకకు తీసుకొని ఆ ఇల్లు విడిచి వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరువది ఏడేండ్లు నిండవస్తున్నాయి. ప్రేమ లేని పెండ్లికంటె పేదరికం మేలన్న మాట నవలలో వ్రాయడం తేలిక. ఆమె దానిని ఒక్క రాత్రిలో తన బ్రతుకుతో తేల్చుకున్నది.

1803లో సూసన్ అనే నవలను ఒక ప్రకాశకుడు పది పౌన్లకు కొన్నాడు. కొని అచ్చు వేయక మూలపడవేశాడు. 1805లో తండ్రి మరణించాడు. తల్లి, ఇద్దరు కూతుళ్ళు అన్నదమ్ములు పంపే సొమ్ముతో ఊరూరు మారారు. 1809లో ఆ ప్రతి సంగతి ఏమని ఆమె మారుపేరుతో అడిగితే, పది పౌన్లు చెల్లించి తీసుకొమ్మని జవాబు వచ్చింది. ప్రతి మాత్రం అక్కడే ఉండిపోయింది. అదే యేడు అన్న ఎడ్వర్డు చాటన్ గ్రామంలో వారికి ఒక ఇల్లు ఇచ్చాడు. ధనిక బంధువులు పెంచుకున్నందున అతనికి పెద్ద ఆస్తి కలిసివచ్చింది. చాటన్ చేరాక జేన్ కలం మళ్ళీ కదిలింది. కిటికీ దగ్గర చిన్న బల్లమీద వ్రాసేదనీ, ఎవరైనా వస్తే కిర్రుమనే తలుపు హెచ్చరిస్తుంది కనుక దానికి నూనె పెట్టనిచ్చేది కాదనీ ఆ కుటుంబంలో చెప్పుకొనేవారు.

1811లో మూడవ జార్జి రాజుకు మతిభ్రమ ముదరగా, కుమారుడు రాజప్రతినిధి అయ్యాడు. 1820 వరకు సాగిన ఆ కాలానికే రీజెన్సీ యుగమని పేరు. జేన్ బ్రతికుండగా వెలువడిన నవలలన్నీ ఆ కాలంలోనివే. 1811లో సెన్స్ అండ్ సెన్సిబిలిటీ వచ్చింది. రచయిత పేరున్నచోట ఒక స్త్రీ అని మాత్రమే ఉన్నది. లాభం నూట నలుబది పౌన్లు. ఏండ్ల తరబడి పెట్టెలో ఉన్న ఫస్ట్ ఇంప్రెషన్స్ 1813లో ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అయింది. ఐదుగురు ఆడపిల్లలు, మగ వారసునికే పోయే ఆస్తి, పెండ్లికొడుకుల కోసం ఆరాటపడే తల్లి ఆ నవలకు ఆధారం. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించిన గురజాడ కన్యాశుల్కం చూచి నవ్విన తెలుగువారికి ఆ నవ్వు వెనుక ఉన్న వేదన సులభంగానే తెలుస్తుంది. పెండ్లి బేరమైనచోట నవ్వు ఆయుధం అవుతుంది.

1814లో వచ్చిన మాన్స్‌ఫీల్డ్ పార్క్ చదివినవారికి ఒక సందేహం కలుగుతుంది. అందులో ఇంటి యజమాని విదేశం వెళ్ళగా, యువతీయువకులు ఇంట్లో నాటకం ఆడబూనుతారు. పైకి చెప్పరాని వలపులన్నీ పాత్రల పేర చెప్పుకుంటారు. ఫానీ అనే పేదపిల్ల ఒక్కతె వేషం కట్టనంటుంది. అభ్యాసం జరుగుతుండగా యజమాని తిరిగివచ్చి రంగస్థలాన్ని ఊడదీయిస్తాడు. నాటకాల నడుమ పెరిగిన రచయిత్రి నాటకాన్ని ద్వేషించిందా? ఆ మాట పొసగదు. ఆ నవల వెలువడిన యేడే ఆమె లండనులో ఎడ్మండ్ కీన్ షైలాక్ వేషం చూచి మెచ్చుకున్నది. ఆమె చూపినది నాటకంలోని దోషాన్ని కాదు, దాని బలాన్ని. వేషం మనిషి దాచుకున్నదానిని బయటపెడుతుంది. స్టీవెంటన్ కొట్టంలో ఆమె నేర్చుకున్న పాఠం అదే.

1815 చివర ఎమ్మా వెలువడింది. రాజప్రతినిధి ఆమె నవలలు ఇష్టంగా చదివేవాడు. అతని నడవడి ఆమెకు గిట్టదు. అయినా అతని గ్రంథాలయాధికారి క్లార్క్ సూచించగా, తప్పక ఎమ్మాను ఆయనకు అంకితం చేసింది. క్లార్క్ అంతటితో ఊరుకోలేదు. ఒక మతగురువును నాయకుని చేయమని, ఒక రాజవంశగాథ వ్రాయమని సలహాలిచ్చాడు. నవ్వు మాని అంత గంభీరంగా వ్రాయడం తనవల్ల కాదని ఆమె వినయంగా తప్పుకున్నది. ఆ పిమ్మట 1816లో ఒక చమత్కారం చేసింది. క్లార్క్, బంధువులు, పరిచితులు ఇచ్చిన సలహాలన్నీ గ్రుచ్చి, ఎక్కడా నమ్మశక్యం కాని నవల ఒకదానికి ప్రణాళిక వ్రాసింది. ఏ సలహా ఎవరిదో ప్రక్కన పేర్లు కూడా వేసింది. పొందులేని పదాలిచ్చిన పృచ్ఛకులను అవధాని నవ్వుతూ పేరుపెట్టి పలుకరించినట్లే ఉన్నది ఆ రచన. ప్రేక్షకులడిగిన పేరుతో నేడు ఆడే నటులకు తొలి గురువు ఆమెయే.

ఆ యేడే అన్న హెన్రీ బాంకు దివాలా తీసింది. ఆమె ఆరోగ్యమూ చెడింది. సూసన్ ప్రతిని హెన్రీ పది పౌన్లిచ్చి తిరిగి కొన్నాడు. 1817 జనవరిలో మొదలుపెట్టిన నవలను పన్నెండు ప్రకరణాలవద్ద మార్చిలో ఆపివేసింది. ఆరోగ్యం వెదుక్కుంటూ వైద్యం కొరకు చేరిన వారినే ఆ నవలలో హాస్యం చేసింది. మే నెలలో చికిత్సకై వించెస్టర్ తీసుకువెళ్ళారు. జూలై 18న, నలుబది ఒకటవ యేట, అక్క చేతులలో కన్నుమూసింది. ఆ పట్టణపు ప్రధాన దేవాలయంలో ఆమె సమాధి ఉన్నది. దానిమీద ఆమె సుగుణాలు చెక్కారు కాని, నవలలు వ్రాసిన మాట చెక్కలేదు. ఆ సంవత్సరాంతాన సూసన్ నార్తాంగర్ ఆబీ అనే పేరుతో, పర్సుయేషన్ అనే మరొక నవలతో కలిసి వెలువడినప్పుడు, హెన్రీ వ్రాసిన పరిచయం వల్ల రచయిత్రి పేరు లోకానికి తెలిసింది. అక్క తరువాతి కాలంలో ఆమె జాబులలో చాలా వాటిని తగులబెట్టింది. నూట అరవై వరకు మిగిలాయి.

2017లో, ఆమె మరణించి రెండు వందల ఏండ్లయిన సందర్భాన, ఇంగ్లండు బాంకు ఆమె ముఖచిత్రంతో కొత్త నోటు విడుదల చేసింది. అది పది పౌన్ల నోటు. ఒకప్పుడు ఆమె నవలను మూలపడవేయడానికి చెల్లిన సొమ్ము సరిగా అంతే. ఆ నోటు జేబులో పెట్టుకొని రంగశాలకు వెళ్ళే ప్రేక్షకుడు, ఆమె ఎన్నడూ వ్రాయని నవలకు పేరొకటి అడుగుతాడు. నటులు తలుపు తీసుకొని వచ్చి, నమస్కరించి, మొదలుపెడతారు.