కైఫియత్తుల దొర కాలిన్ మెకంజీ

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ భవనం ముందు నుంచే ఏళ్ళ తరబడి యూనివర్సిటీ ఆఫీసుకు నడిచాను. ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదు. రిటైరయ్యాక తీరిక దొరికి, అక్కడ కూర్చుని చదువుతూ ఉండగా కాలిన్ మెకంజీ దొర మీద గురి కుదిరింది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే ఆయనే గుర్తుకొచ్చారు.

మెకంజీ 1754లో స్కాట్లాండుకు చెందిన లూయిస్ దీవిలో పుట్టారు. 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చి, ఆపైన ఇంజనీరయ్యారు. గుంటూరు, నెల్లూరు సీమలూ నిజాం రాజ్యమూ కొలిచారు. 1794లో శ్రీశైలం వెళ్ళి ప్రాకారం మీది శిల్పాలను వర్ణించారు. ఆయన కళ్ళముందే పటం మారిపోయింది. 1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు.

కంపెనీకి కావలసింది శిస్తు లెక్క. మెకంజీకి అది చాలలేదు. ఈ ఊరు ఎవరి కాలంలో కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, సరిహద్దు ఎందుకు జరిగింది అని అడిగేవారు. ఆయనకు మన భాషలు రావు. ఏలూరు వాస్తవ్యులు కావలి వెంకట బొర్రయ్య గారు ఆ లోటు తీర్చారు. గ్రామ కరణాల దగ్గర కవిలెలు చూసి, పెద్దలను అడిగి రాయించినవే కైఫియత్తులు. 1803లో బొర్రయ్య గారు చిన్న వయసులోనే పోతే, తమ్ముడు లక్ష్మయ్య గారు ఆ పని అందుకున్నారు. దొర పేరు అందరికీ తెలుసు, ఈ అన్నదమ్ముల పేరు తెలిసినవారు తక్కువ. నాకు అదే బాధ.

మైసూరు సర్వేలో 40 వేల చదరపు మైళ్ళు కొలిచి, కొంతకాలం జావాలో పనిచేసి, 1815లో మెకంజీ మొట్టమొదటి సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియా అయ్యారు. సేకరణకు సొంత డబ్బు కూడా పోశారు. (టి.ఎ. బిల్లుల కోసం తిరిగిన మనకు ఆ సంగతి చెప్పనక్కరలేదు!) 1821 మే 8న కలకత్తా దగ్గర కన్నుమూశారు. ఆయన వదిలిపోయిన 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు, తాళపత్రాలు వగైరాలను ప్రభుత్వం ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. శిథిలమవుతున్న స్థానిక చరిత్రలకు తరువాత బ్రౌన్ దొర శుద్ధప్రతులు రాయించారు.

ఇదంతా ఎందుకు చదివానంటే, మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం ఖాళీ చేయించారు. మొన్న మనుమరాలు ఫోనులో పటం తెరిచి, తాతయ్యా, మన ఊరు చూపించు అన్నది. వేలు పెట్టిన చోట నీలం రంగు తప్ప ఏమీ లేదు. దాచుకున్న పాత సర్వే పటం తీసి చూపించాను. గుడి, బావి, బండ్ల బాట అన్నీ ఉన్నాయి. పైన హైదరాబాదు రాష్ట్రం అని ఉంది. అదే చోటు 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ అయిందని చెప్పాను.

మెకంజీ కాగితాల్లో మన ఊరు ఉందా అని అడిగింది. నాకు దొరకలేదు. అందుకే నేనే మొదలుపెట్టాను, కైఫియత్తు పద్ధతిలోనే. నాలుగు పేజీలయింది. తూర్పు సరిహద్దు దగ్గర ఆగాను. వాగు పక్క చెలక ఎవరిదో వనపర్తిలో ఉన్న మా అన్నయ్యకు ఫోను చేసి కనుక్కోవాలి.