అక్షరాలతో ఆడుకున్న లెక్కల మాస్టారు – లూయిస్ కరోల్



ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఇంగ్లీషు. తెలుగులో రాసిందే చదువుతాం. ఇంగ్లీషులో అలా కాదు. నైఫ్ అనే మాటకు ముందు కె ఎందుకు ఉందో ఎంత ఆలోచించినా అర్థమయ్యేది కాదు. పైకి చదివితే నవ్వుతారేమోనని వెనుక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాం. ఇంటికి వెళ్ళి అడుగుదామంటే, మాకు ముందు మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవారే లేరు. పి.జి.లో చేరాక లైబ్రరీలో ఒక మహానుభావుని జీవితం చదివాం. ఆయనకు నత్తి. అయినా ఇంగ్లీషు అక్షరాలతో జీవితమంతా ఆడుకున్నారు. ఆయన గురించి మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

లూయిస్ కరోల్ అసలు పేరు చార్లెస్ లుట్విడ్జ్ డాడ్జ్‌సన్. 1832 జనవరి 27న ఇంగ్లాండులోని డేర్స్‌బరీ గ్రామంలో జన్మించారు. తండ్రి చర్చిలో మతగురువు. మొత్తం పదకొండు మంది పిల్లలు, మగపిల్లల్లో ఈయనే పెద్ద. చెల్లెళ్ళను, తమ్ముళ్ళను సంతోషపెట్టడానికి బొమ్మలాటలు ఆడించేవారు, గారడీలు చేసేవారు. ఇంట్లో చదువుకోవడానికి చేతిరాత పత్రికలు తయారు చేసేవారు. ఆయన మనలాగా పేద కుటుంబంలో పుట్టలేదన్నది నిజమే. కానీ ఆయనకూ కష్టాలు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి నత్తి ఉండేది, ఒక చెవి సరిగా వినిపించేది కాదు.

1846లో రగ్బీ అనే ఊళ్ళోని పేరున్న బోర్డింగ్ స్కూల్లో చేరి మూడేళ్ళు చదివారు. చదువులో బహుమతులు వచ్చాయి కానీ అక్కడ సంతోషం లేదు. ముఖ్యంగా రాత్రిపూట పెద్ద పిల్లలు పెట్టే బాధలు భరించలేకపోయారు. ఎవరు ఏమి ఇచ్చినా ఆ మూడేళ్ళు మళ్ళీ గడపలేనని తర్వాత రాసుకున్నారు. తమ్ముళ్ళారా, మనం కూడా ఒకే హాల్లో వరుసగా పడుకుని చదువుకున్నవాళ్ళమే. కొత్తగా చేరిన చిన్న పిల్లవాడితో మనం ఎలా ఉంటున్నామో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

1851లో ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరారు. చేరిన రెండు రోజులకే తల్లి మరణించారు. ఆ దుఃఖాన్ని దిగమింగుకుని చదివి 1854లో గణితంలో ప్రథమ శ్రేణి సాధించారు. 1855 నుంచి 1881 వరకు అక్కడే గణితం బోధించారు. 1856లో తన పేరులోని మొదటి రెండు మాటలను లాటిన్‌లోకి మార్చి, వాటిని తారుమారు చేసి, మళ్ళీ ఇంగ్లీషులోకి తెచ్చుకుని లూయిస్ కరోల్ అనే కలం పేరు పెట్టుకున్నారు. 1862 జూలై 4న కళాశాల పెద్ద గారి ముగ్గురు ఆడపిల్లలతో పడవ మీద వెళుతూ చెప్పిన కథే 1865లో ఆలిస్ పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చింది. 1871లో వచ్చిన రెండో ఆలిస్ పుస్తకంలో ఆయన సొంతంగా పుట్టించిన చార్టిల్ అనే మాట ఇప్పుడు డిక్షనరీల్లో ఉంది. సంతోషంతో గట్టిగా నవ్వడం అని దాని అర్థం.

ఇక ఆయన కనిపెట్టిన ఆటల సంగతి. 1877 క్రిస్మస్ సెలవుల్లో ఏమీ తోచడం లేదన్న ఇద్దరు ఆడపిల్లల కోసం డబ్లెట్స్ అనే ఆట తయారు చేశారు. ఒక మాటలో ఒక్కొక్క అక్షరమే మారుస్తూ వేరే మాటకు చేరాలి. మధ్యలో వచ్చేవి కూడా అసలైన మాటలే కావాలి. ఉదాహరణకు క్యాట్ నుంచి కాట్, కాట్ నుంచి డాట్, డాట్ నుంచి డాగ్. 1879లో ఇది పత్రికలో పోటీగా కూడా వచ్చింది.

మాకు ఇంకా నచ్చింది మిష్‌మాష్ అనే ఆట. దీని నియమాలు 1881లో అచ్చయ్యాయి. ఒకరు రెండు మూడు అక్షరాలు ఇస్తారు. అవే అక్షరాలు అదే వరుసలో పక్కపక్కన ఉన్న మాటను రెండోవారు కనిపెట్టాలి. అందరికీ తెలిసిన మాట కావాలి, మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ పనికిరావు.

మేము నలుగురం మా గదిలో ఆడి చూశాం. జి పక్కన పి ఇచ్చారు. అరగంట ఆలోచించినా తట్టలేదు. ఆ రెండు అక్షరాలతో మాట మొదలు కాదు, ముగియదు. అంటే జి తో ముగిసే మాటకు పి తో మొదలయ్యే మాట అతకాలని అర్థమైంది. అప్పుడు దొరికింది ఫ్లాగ్‌పోల్. ఆగస్టు 15న మన హాస్టల్ ముందు నిలబెట్టే జెండా కర్రే! టి పక్కన బి అంటే ఫుట్‌బాల్, టెక్స్ట్‌బుక్. డబ్ల్యు పక్కన కె అంటే హాక్, ఆక్వర్డ్. రోజూ చూసే మాటల్లోనే అక్షరాలు దాగి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు బట్టీ పట్టినా గుర్తుండని స్పెల్లింగులు ఆటలో ఒక్కసారికే గుర్తుండిపోయాయి.

ఈ ఆటలో మాటను ఎలా పలికారన్నది లెక్కలోకి రాదు, అందులోని అక్షరాలు తెలుసా లేదా అన్నదే లెక్క. నత్తి ఉన్నా, యాస ఉన్నా అందరూ సమానమే. వెనుక బెంచీలో కూర్చున్న మాకు ఈ సంగతి ఆనాడే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

కరోల్ చివరి రోజుల్లో ఆడపిల్లలకు తర్కశాస్త్రం నేర్పారు. 1896లో ఆ విషయం మీద పుస్తకం రాశారు. 1898 జనవరి 14న గిల్డ్‌ఫర్డ్‌లో అక్కచెల్లెళ్ళ ఇంట్లో న్యుమోనియాతో కన్నుమూశారు.

తమ్ముళ్ళారా, ఈ ఆటకు డబ్బు అక్కర్లేదు. ఒక పాత నోటు పుస్తకం, ఒక పెన్సిలు, ఒక స్నేహితుడు చాలు. స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు ఆడండి. తెలియనివాడిని చూసి నవ్వకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. వచ్చే వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు మాకు కూడా మూడు అక్షరాలు ఇవ్వండి. ఓడిపోవడానికి సిద్ధంగా వస్తాం.