సూరినామ్ అడవులలో మరియా మేరియన్

ఈగలు కుళ్లిన మాంసం నుండి, పురుగులు బురద నుండి వాటంతట అవే పుట్టుకొస్తాయని పదిహేడవ శతాబ్దంలో ఐరోపాలోని పండితులు సైతం నమ్మేవారు. అరిస్టాటిల్ కాలం నుండి వేళ్లూనుకొన్న అభిప్రాయమది. మాంసాన్ని వస్త్రంతో కప్పి ఈగలు వాలకుండా చేస్తే అందులో పురుగులు పుట్టవని ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ 1668లో నిరూపించాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, ఒక జర్మన్ నగరంలో పదమూడేళ్ల బాలిక పట్టుపురుగులను పెంచుతూ, గుడ్డు, పురుగు, పట్టుగూడు, శలభం అనే దశలన్నింటినీ స్వయంగా పరిశీలించి చిత్రించుకొన్నది. పట్టు పెంపకందార్లకు ఈ సంగతి కొత్తది కాదు. తోటలోని మిగిలిన గొంగళిపురుగులు కూడా ఇలాగే మారుతాయా అని ప్రశ్నించుకొని, జవాబు కోసం జీవితమంతా వెచ్చించడమే ఆ బాలిక ప్రత్యేకత. ఆమె పేరు మరియా సిబిల్లా మేరియన్.

మరియా 1647 ఏప్రిల్ 2వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించింది. తండ్రి మాథ్యూస్ మేరియన్ పేరుపొందిన చిత్రశిల్పి, ప్రచురణకర్త. ఆమెకు మూడేళ్ల వయసులో ఆయన మరణించాడు. తల్లి మరుసటి ఏడాది పూల చిత్రాలకు ప్రసిద్ధుడైన యాకబ్ మారెల్‌ను వివాహమాడింది. మరియాకు తొలి గురువు ఈ మారుతండ్రే. పువ్వులు గీయడం, రంగులు నూరడం, రాగి పలకలపై బొమ్మలు చెక్కడం ఆమె ఆయన వద్దనే నేర్చుకొన్నది. పూలగుచ్ఛాల పక్కన అలంకారంగా ఒక సీతాకోకచిలుకనో తుమ్మెదనో గీయడం ఆనాటి చిత్రకారుల అలవాటు. మరియాకు మాత్రం ఆ అలంకారమే అసలు విషయమైపోయింది.

1665లో ఆమెకు మారెల్ శిష్యుడైన యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్‌తో వివాహమయింది. దంపతులు న్యూరెంబర్గ్‌లో స్థిరపడ్డారు. ఇద్దరు కుమార్తెలు కలిగారు. ఇంటిపని, పిల్లల పెంపకం, చిత్రకళలో బాలికలకు శిక్షణ వీటి నడుమనే ఆమె పురుగుల కోసం తోటలు గాలించేది. దొరికిన గొంగళిపురుగులను పెట్టెలలో పెట్టి, అవి తినే ఆకునే ప్రతిదినం తాజాగా తెచ్చి వేసేది. ఆకు మారితే పురుగు తినదు, తినకపోతే చచ్చిపోతుంది. ఒక్కొక్క పురుగు ప్యూపాగా మారి, రెక్కలతో వెలువడేవరకు వారాలూ, ఒక్కొక్కప్పుడు నెలలూ వేచివుండవలసి వచ్చేది. కొన్ని గూళ్ల నుండి సీతాకోకచిలుకకు బదులు ఈగలు వెలువడి ఆమెను విస్మయపరచేవి. ఇతర కీటకాలు గొంగళిపురుగులో గుడ్లు పెట్టడం వలన అలా జరుగుతుందని నేడు మనకు తెలుసు. కారణం తెలియకున్నా, తాను చూచినదానిని చూచినట్లే ఆమె నమోదు చేసింది.

ఈ శ్రమ ఫలితంగా గొంగళిపురుగుల రూపపరివర్తనను గురించిన ఆమె గ్రంథం 1679లో ఒక భాగం, 1683లో ఒక భాగం వెలువడింది. ఒక్కొక్క భాగంలో యాభై చిత్రఫలకాలున్నాయి. పండితులు లాటిన్‌లో రాసే ఆ రోజులలో ఆమె జర్మన్ భాషలో రాసింది. అంతకన్న ముఖ్యమైనది చిత్రాల అమరిక. కీటకం ఏ మొక్కను ఆశ్రయించి బ్రతుకుతుందో ఆ మొక్కను ఫలకం నడుమ గీసి, గుడ్డు నుండి రెక్కల పురుగు వరకు దశలన్నింటినీ దాని మీదనే చూపింది. కీటకానికీ మొక్కకూ గల సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపినవారు అంతకు ముందు అరుదు.

దాంపత్యం మాత్రం సాఫీగా సాగలేదు. మారుతండ్రి మరణానంతరం ఆమె ఫ్రాంక్‌ఫర్ట్‌కు తిరిగివచ్చి, కొంతకాలానికి తల్లిని, కుమార్తెలను వెంటబెట్టుకొని నెదర్లాండ్స్‌లోని వీవర్డ్ గ్రామంలో ఉన్న ఒక మతసమాజంలో చేరింది. అక్కడివారు సొంత ఆస్తిని విడిచి, నిరాడంబరంగా జీవించేవారు. భర్త వచ్చి పిలిచినా ఆమె తిరిగి వెళ్లలేదు. ఆ సమాజం నివసించిన కోట సూరినామ్ గవర్నరు తోబుట్టువులది. దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలోని ఆ డచ్చి వలస రాజ్యం మీద ఆమె దృష్టి అక్కడే పడి ఉండాలి.

తల్లి మరణం తరువాత, 1691లో ఆమె కుమార్తెలతో ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. ఆ రేవు పట్టణానికి తూర్పు దేశాల నుండీ, అమెరికా నుండీ ఓడలు వింత వస్తువులను మోసుకొచ్చేవి. సంపన్నుల ఇళ్లలోని అద్దాల పెట్టెలలో రంగురంగుల కీటకాలు సూదులకు గుచ్చి ఉండేవి. వాటిని చూసి మరియా ముచ్చటపడింది. అసంతృప్తి కూడా చెందింది. అవి ఎక్కడివి, ఏ గుడ్డు నుండి వచ్చాయి, ఏ ఆకు తిన్నాయి అని అడిగితే చెప్పగలవారు లేరు. చచ్చిన పురుగు పేరు పట్టికకు పనికివస్తుందే కాని, దాని బ్రతుకును చెప్పలేదు. అది తెలియాలంటే ఆ దేశానికే వెళ్లాలి.

అప్పటికి ఆమె వయసు యాభై దాటింది. అండగా రాజు లేడు, విశ్వవిద్యాలయం లేదు. 1699లో తన చిత్రాలు 255ను అమ్మకానికి పెట్టింది. తిరిగివస్తానో రానోనని వీలునామా రాసింది. 21 ఏళ్ల చిన్నకుమార్తె డొరొతియాతో ఓడ ఎక్కింది. కేవలం ప్రకృతి పరిశీలన కోసం ఒక స్త్రీ, పురుషుల తోడు లేకుండా మహాసముద్రం దాటడం ఆనాడు ఊహకైనా అందని విషయం.

సూరినామ్‌లో చెరకు తప్ప మరొకటి ఎరుగని తోటల యజమానులు పురుగుల కోసం వెతికే ఈమెను చూసి నవ్వుకొన్నారు. ఆమె పరమారిబో పట్టణంలో నివాసమేర్పరచుకొని చుట్టుపక్కల వెతికింది. నది వెంట ఎగువకు పోయి, లోపలి తోటలలోనూ వెతికింది. అడవి ఎంత దట్టమంటే, బానిసలు గొడ్డళ్లతో దారి చేస్తేగాని అడుగు సాగేది కాదు. ఎండ తీవ్రతకు చిత్రపత్రాలపై పని చేయడమే కష్టమయ్యేది. ఆదివాసులు, ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు ఆమెకు పురుగులను తెచ్చి ఇచ్చారు. మొక్కల పేర్లు, వాటి ఉపయోగాలు చెప్పారు. మన ఇళ్ల ముందు పెంచుకొనే రత్నగంధి మొక్కను ఆమె అక్కడ చిత్రించింది. తమ బిడ్డలు బానిసలుగా పుట్టరాదన్న వేదనతో స్త్రీలు ఆ గింజలను గర్భస్రావానికి వాడుతున్నారన్న ఘోరసత్యాన్ని కూడా ఆ చిత్రం పక్కనే రాసింది. వారి దుఃఖాన్ని లోకానికి తెలిపిన ఆమె, తనకు సాయపడిన వారి పేర్లను మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆ గ్రంథంలో ఇది పెద్ద లోటు.

ఎక్కువకాలం ఉండాలనుకొన్నా ఆరోగ్యం సహకరించలేదు. తీవ్రమైన జ్వరంతో, బహుశా మలేరియాతో, రెండేళ్లకే 1701లో ఆమ్‌స్టర్‌డామ్‌కు తిరిగివచ్చింది. వెంట ఎండబెట్టిన కీటకాలు, చిత్రాలు, రాసుకొన్న కాగితాలు ఉన్నాయి. మొక్కలను గురించి చెప్పడానికి ఒక ఆదివాసి స్త్రీ కూడా ఆమెతో వచ్చింది. నాలుగేళ్ల శ్రమ తరువాత, 1705లో సూరినామ్ కీటకాల రూపపరివర్తనను గురించిన మహాగ్రంథం 60 పెద్ద ఫలకాలతో డచ్చి, లాటిన్ భాషలలో వెలువడింది. మొదటి ఫలకంలో అనాసపండు, దానిపై బొద్దింకలు. ఆ తరువాత కర్రపెండలం మీద పురుగులు, వీపున పిల్లలను మోసే కప్ప, ఒకదానినొకటి పట్టుకొని వంతెనగా ఏర్పడే చీమలు! ఒక దేశపు కీటకాలను అవి బ్రతికే చెట్టుచేమలతో సహా ఇట్లా రంగులలో చూపిన గ్రంథం అంతకు పూర్వం లేదు. కీటకాల ఉనికికి ఆహారపు మొక్కయే మూలమన్న సూత్రం ఈ ఫలకాలన్నింటిలోనూ కనిపిస్తుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తన వర్గీకరణ గ్రంథంలో అనేక జాతులకు ఈ చిత్రాలను ఆధారంగా పేర్కొన్నాడు.

గ్రంథంలో పొరపాట్లు లేకపోలేదు. దీపపు పురుగు అనే కీటకం తల చీకటిలో వెలుగుతుందని ఆమె రాసింది. అది నిజం కాదని తరువాత తేలింది. జామచెట్టు మీద ఒక పెద్ద సాలీడు చిన్నపక్షిని తింటున్నట్లు గీసిన ఫలకం మరింత వివాదానికి గురయింది. పంతొమ్మిదవ శతాబ్దంలో కొందరు దానిని కట్టుకథగా తోసివేసి, ఆ నెపంతో ఆమె కృషినంతటినీ చులకన చేశారు. అమెజాన్ అడవులలో పదకొండేళ్లు తిరిగిన ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు హెన్రీ వాల్టర్ బేట్స్, పక్షులను పట్టిన అటువంటి సాలీడును తాను చూచినట్లు 1863లో ప్రకటించిన పిమ్మట ఆ విమర్శ సద్దుమణిగింది.

అంత పేరు వచ్చినా మరియాకు ఐశ్వర్యం రాలేదు. చిత్రాలు, రంగులు, కీటకాల నమూనాలు అమ్ముకొంటూ జీవించింది. 1715లో పక్షవాతం రావడంతో నడవలేని స్థితి ఏర్పడింది. 1717 జనవరి 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూసింది. గొంగళిపురుగుల గ్రంథం మూడవ భాగాన్ని ఆ ఏడాదే డొరొతియా ప్రచురించింది. ఆ రోజులలోనే రష్యా చక్రవర్తి పీటర్ తరఫున ఆమె చిత్రాలు పెద్దసంఖ్యలో కొనుగోలయ్యాయి. డొరొతియా కూడా చిత్రకారుడైన భర్తతో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరి, తల్లి చిత్రాలున్న చోటనే పనిచేసింది. బాల్యం నుండి మరియా రాసుకొన్న పరిశీలనల పుస్తకం నేటికీ ఆ నగరంలోని విజ్ఞానశాస్త్రాల అకాడమీ గ్రంథాలయంలో ఉన్నది. అందులోని పరిశీలనలు 1660 నాటి పట్టుపురుగులతో మొదలవుతాయి.