హెడ్మాస్టరు కూతురు, 1,24,000 మంది నర్సులు

 

ఏటా పరీక్షా ఫలితాలు వచ్చాక మన ఆఫీసు గదిలో ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది. మార్కులు బాగా తెచ్చుకున్న అమ్మాయి నర్సింగు చదువుతానంటే, ఇన్ని మార్కులు పెట్టుకుని నర్సేనా అని ఇంట్లోవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లూసిల్ పెట్రీ గుర్తుకొస్తారు. ఆవిడ కథ ఈసారి మీకు చెప్పాలనిపించింది.

లూసిల్ పెట్రీ 1902 జనవరి 23న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది మాత్రం డెలావేర్ రాష్ట్రంలో, సెల్బీవిల్ అనే చిన్న ఊళ్ళో. తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. నాన్న హైస్కూలు హెడ్మాస్టరు. 1924లో డెలావేర్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేశారు. ఆ రోజుల్లో డిగ్రీ చదివిన ఆడపిల్లలే తక్కువ, వాళ్ళలో నర్సింగుకు వెళ్ళేవాళ్ళు మరీ తక్కువ. ఈమె మాత్రం జాన్స్ హాప్కిన్స్ నర్సింగు స్కూల్లో చేరి 1927లో నర్సయ్యారు. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చేసి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పదేళ్ళకు పైగా నర్సులకు పాఠాలు చెప్పారు. అంటే ముందు అయ్యవారమ్మ, ఆ తర్వాతే అధికారి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

1941లో ఆమె అమెరికా ప్రభుత్వపు పబ్లిక్ హెల్త్ సర్వీసులో చేరారు. ఓడల్లో పనిచేసే నావికుల వైద్యం కోసం 1798లో మొదలైన ఏర్పాటు అది. 1889లో దానికి సైన్యంలాగే యూనిఫారం, ర్యాంకులు ఉన్న ఒక దళం ఏర్పడింది. వీళ్ళు యుద్ధం చేసేది జబ్బులతో. మొదట్లో ఆ దళంలో డాక్టర్లు మాత్రమే ఆఫీసర్లు. నర్సులకు ఆ తలుపు తెరుచుకున్నది 1944 చట్టంతో.

ఆమె చేరిన ఏడాదే అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. వేలాది నర్సులు సైన్యం వెంట వెళ్ళిపోయారు. ఊళ్ళల్లో ఆసుపత్రులు ఖాళీ అవుతున్నాయి. ఒక పక్క గాయపడిన సైనికులు, ఇంకో పక్క కాన్పులు, జ్వరాలు, చంటిబిడ్డలు. చేతులు కావాలి, అదీ వెంటనే కావాలి. అప్పుడు ఒహాయోకు చెందిన పార్లమెంటు సభ్యురాలు ఫ్రాన్సెస్ బోల్టన్ ఒక చట్టం తెచ్చారు. నర్సింగు చదివే అమ్మాయిల ఖర్చంతా ప్రభుత్వం భరించాలన్నది దాని సారాంశం. 1943 జూన్‌లో చట్టమైంది, జులై 1 నుంచి అమలు. అలా పుట్టిందే కెడెట్ నర్స్ కోర్. మన ఎన్.సి.సి. పిల్లలకు కెడెట్ అన్న మాట కొత్త కాదు కదా. దాన్ని నడిపే బాధ్యత లూసిల్ పెట్రీకి అప్పగించారు. అప్పటికి ఆమెకు 41 ఏళ్ళు.

ఇక్కడే అసలు చిక్కు. ఆ కాలంలో ఆసుపత్రులే నర్సింగు స్కూళ్ళు నడిపేవి. చాలాచోట్ల చదువుకోవడానికి వచ్చిన పిల్లలతో కూలి లేని పని చేయించుకోవడం మామూలైపోయింది. దానికితోడు యుద్ధకాలం. నాలుగు వారాలు ఏదో నేర్పి వార్డులోకి తోసేస్తే అడిగేవాళ్ళు ఎవరు? పెట్రీ ఆ దారి పట్టలేదు. మూడేళ్ళ చదువును 30 నెలల్లోకి కుదించారు గానీ పాఠాలు కోసేయలేదు. మిగతా ఆరు నెలలు సీనియర్ కెడెట్‌గా సైనిక ఆసుపత్రిలోనో, మామూలు ఆసుపత్రిలోనో పని చేయాలి. ప్రభుత్వ సొమ్ము కావాలనుకునే స్కూలుకు రాష్ట్రం గుర్తింపు ఉండాలి, బోధించేవాళ్ళు చాలినంతమంది ఉండాలి, పిల్లలు ఉండడానికి వసతి సరిగా ఉండాలి. ఆమె శాఖ నుంచి నర్సులే వెళ్ళి స్కూళ్ళు చూసి, సలహాలు చెప్పి వచ్చేవాళ్ళు. డబ్బు చేతిలో ఉన్నప్పుడు దాన్ని చదువు బాగుపడడానికి వాడటమంటే ఇదీ.

అమ్మాయిల వైపు చూస్తే, ఫీజు, పుస్తకాలు, భోజనం, వసతి అన్నీ ఉచితం. బూడిదరంగు యూనిఫారం, భుజాలమీద ఎర్రపట్టీలు. చేతిఖర్చుకు మొదట నెలకు 15 డాలర్లు, తర్వాత 20, చివర్లో కనీసం 30. బదులుగా యుద్ధం ముగిసేదాకా అవసరమైన చోట నర్సుగా పనిచేస్తామని మాట ఇవ్వాలి. ఇంట్లో కలిగినవాళ్ళు కాకపోయినా, హైస్కూలు దాటిన పేదింటి పిల్లలకు ఇది పెద్ద వరం.

జాతి, రంగు చూడకూడదని ఆ చట్టంలోనే రాశారు. సుమారు 3,000 మంది నల్లజాతి అమ్మాయిలు కెడెట్లయ్యారు. జపాన్ మూలాలున్నవాళ్ళు 350 మంది దాకా చేరారు. వాళ్ళ కుటుంబాలు చాలామటుకు అప్పటికి ప్రభుత్వమే పెట్టిన శిబిరాల్లో బందీలుగా ఉన్నాయి. అయినా వాళ్ళ బిడ్డలు ఆ దేశపు రోగులకే సేవ చేశారు. చట్టంతో అన్నీ చక్కబడిపోలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు వేరు స్కూళ్ళు అలాగే ఉండిపోయాయి. కానీ వేలమందికి ఒక దారి దొరికింది.

దేశంలో సుమారు 1,300 నర్సింగు స్కూళ్ళుంటే 1,100కు పైగా ఇందులో చేరాయి. యుద్ధం చివరికొచ్చేసరికి ఊళ్ళల్లోని ఆసుపత్రుల్లో నర్సింగు పని 80 శాతం దాకా ఈ విద్యార్థినులే చేశారని లెక్క కట్టారు. 1948లో కార్యక్రమం ముగిసేనాటికి 1,24,000 మంది చదువు పూర్తిచేశారు. ఒక లోటు మాత్రం మిగిలింది. ఇంత చేసినా ఆ కెడెట్లను యుద్ధ సేవకుల లెక్కలో చేర్చలేదు. ముసలితనంలో కూడా వాళ్ళు ఆ గుర్తింపు కోసం అడుగుతూనే వచ్చారు.

1949లో లూసిల్ పెట్రీ అసిస్టెంట్ సర్జన్ జనరల్ అయ్యారు. సైన్యంలో బ్రిగేడియర్ జనరల్‌కు సమానమైన హోదా అది. ఆ సర్వీసులో అంత ఎత్తుకు వెళ్ళిన మొదటి మహిళ ఆమెనే, అదీ డాక్టరు కాదు, నర్సు! 1952లో పెళ్ళయ్యాక ఆమె పేరు లూసిల్ పెట్రీ లియోన్ అయింది. 1955లో మరో ఇద్దరు నర్సులతో కలిసి లాస్కర్ పురస్కారం అందుకున్నారు. 1966లో ఉద్యోగ విరమణ చేశాక మళ్ళీ నర్సింగు చదువు వైపే వెళ్ళి టెక్సాస్‌లో పనిచేశారు. 1999 నవంబర్ 25న, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

పిల్లలూ, ఇందులో గమనించాల్సింది ఒక్కటే. ఆ యుద్ధకాలంలో ఆమె రోగి మంచం పక్కన నిలబడి ఎందరికి సేవ చేసి ఉండగలరు? వందమందికి, వెయ్యిమందికి. కానీ లక్షా పాతికవేల మంది సరిగా నేర్చుకునేలా చూశారు. తొందరలో కూడా చదువు నాణ్యత తగ్గనివ్వలేదు. నాయకత్వమంటే ముందు నడవడం ఒక్కటే కాదు, వెనక వచ్చేవాళ్ళ చేతులకు పనితనం ఇవ్వడం కూడా.

తల్లిదండ్రులకు నా మనవి. మన ఊరి పెద్దాసుపత్రికి తెలుగు తప్ప ఇంకో భాష రాని అవ్వ ఒకతె వెళ్ళిందనుకోండి. నొప్పి ఎక్కడో తన మాటల్లో చెప్పుకోగలిగిన నర్సు అక్కడ ఉంటే ఆ అవ్వకు సగం జబ్బు తగ్గినట్టే. ఆ నర్సు మన బడి పిల్ల ఎందుకు కాకూడదు?

ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తీసుకుంటే బి.ఎస్సీ. నర్సింగుకు దారి ఉంటుంది. ఆసక్తి ఉన్న పిల్లలు, అమ్మానాన్నలతో కలిసి బడి వేళల్లో వచ్చి నన్ను కలవండి. కూర్చుని మాట్లాడుకుందాం.

మీ హెడ్మాస్టరు