పాత పారిస్‌ను దాచిన ఆట్జే

పారిస్ ఫ్రాన్స్ దేశానికి రాజధాని. 1853 మొదలు 1870 వరకు ఆ నగరంలో పాత పేటలను కూలగొట్టి వెడల్పయిన వీధులు వేశారు. ఆ తరువాత కూడా కూల్చివేతలు ఆగలేదు. ఇరుకు సందులు, పాత లోగిళ్ళు, చిన్న చిన్న అంగళ్ళు ఒక్కొక్కటిగా కనుమరుగు కాసాగాయి. వాటి రూపాన్ని ఛాయాచిత్రాలలో భద్రపరచినవాడు యూజెన్ ఆట్జే.

ఆట్జే 1857 ఫిబ్రవరి 12న ఫ్రాన్స్‌లోని లిబూర్న్ పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని బంధువుల దగ్గర పెరిగాడు. కొంతకాలం ఓడలో పనిచేశాడు. తరువాత నటుడై నాటక బృందాలతో ఊరూరా తిరిగాడు. గొంతు జబ్బు చేయడంతో ఆ వృత్తి మానుకోవలసి వచ్చింది. అప్పుడు బతుకుతెరువు కోసం ఫోటోగ్రఫీ చేపట్టాడు. చిత్రకారులు చూసి గీసుకోవడానికి పనికివచ్చే చెట్లు, పూలు, కట్టడాల ఫోటోలు తీసి అమ్మేవాడు.

1897 ప్రాంతంలో ఆయన దృష్టి పాత పారిస్ వైపు మళ్ళింది. చెక్క కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, గాజు పలకలు అన్నీ కలిపి సుమారు 20 కిలోల బరువు. దానిని మోసుకుని తెల్లవారుజామునే బయలుదేరేవాడు. రసాయనం పూసిన ఒక్కొక్క గాజు పలక మీద ఒక్కొక్క చిత్రమే పడుతుంది. అందుకు పలకపై వెలుతురు చాలాసేపు పడాలి. అంతలో ఎవరైనా అటు నడిస్తే వారి రూపం పొగలాగ చెదిరిపోతుంది. ఆయన చిత్రాలలో చాలా వీధులు నిర్మానుష్యంగా కనిపించడానికి ఇదొక కారణం.

గొప్ప భవనాలే చిత్రించదగినవని ఆట్జే అనుకోలేదు. మెట్ల వరుసలు, తలుపు గొళ్ళాలు, అంగడి కిటికీలు, బావులు కూడా ఆయనకు ముఖ్యమైనవే. బుట్టలమ్మేవారిని, చిత్తుగుడ్డలు ఏరుకునేవారిని, వీధి గాయకులను నిలబెట్టి ఫోటోలు తీశాడు. నగరం అంచున గుడిసెలలో బతికే పేదలనూ మరచిపోలేదు. ప్రతి చిత్రం వెనుక ఆ చోటి పేరు పెన్సిలుతో రాసేవాడు. వాటిని గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు కొనేవి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పలకలు పగిలితే, కూలిపోయిన ఆ వీధులను మళ్ళీ చూపగలవారు లేరు. అందుచేత వాటిని నేలమాళిగలో దాచాడు. యుద్ధం ముగిసేసరికి ఆయనకు వార్ధక్యం సమీపించింది. వారసులు లేరు. తన తరువాత ఆ పలకలు విలువ తెలియనివారి పాలవుతాయేమోనని దిగులుపడ్డాడు. 1920లో 2,600కు పైగా పలకలను ప్రభుత్వానికి 10,000 ఫ్రాంకులకు అప్పగించాడు. ఆ తరువాత కూడా కెమెరా మోయడం మానలేదు.

చివరి రోజులలో బెరెనిస్ అబాట్ అనే అమెరికన్ యువతి ఆయన పని విలువను గుర్తించింది. 1927లో ఆయన ఫోటోలు తీసి, వాటిని చూపడానికి వెళ్ళేసరికి ఆయన లేడు. ఆ ఏడాది ఆగస్టు 4న మరణించాడు. 1928లో ఆమె మిగిలిన పలకలను, చిత్రాలను కొని ఎన్నో ఏళ్ళు కాపాడింది. 1968లో అవి న్యూయార్క్‌లోని ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరాయి.

తాను తీసినవి కేవలం ఆధారాలేనని ఆట్జే భావించాడు. లోకం వాటిని కళగా గౌరవించింది. కూలిన గోడలను ఆయన నిలపలేకపోయాడు. అయినా ఆ గోడల మధ్య సామాన్యులు ఎలా జీవించారో తరువాతి తరాలు కళ్ళారా చూడగలుగుతున్నాయంటే అది ఆయన శ్రమ ఫలితమే.