వెలుగూ ఉత్ప్రేరకమూ: జ్ఞానచంద్ర ఘోష్

నీటి విద్యుద్విశ్లేషణ పాఠం చెప్పేటప్పుడు ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, బ్యాటరీ లేకుండా ఎండతోనే నీటి నుంచి హైడ్రోజన్ తీయలేమా అని. తీయవచ్చు. మన బెంగళూరులోనే, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రంలో సి.ఎన్.ఆర్. రావు గారి బృందం ఆ పని మీద ఉంది. దానికి రెండు కావాలి: వెలుగును పట్టుకునేది ఒకటి, హైడ్రోజన్ తయారీని సులువు చేసే ఉత్ప్రేరకం ఇంకొకటి. ఈ రెండింటి మీదా విడివిడిగా ఏళ్ల తరబడి పని చేసిన ఒకాయన ఒకప్పుడు మన ఊళ్లోనే ఉండేవారు. ఆటోవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే భారతీయ విజ్ఞాన సంస్థకు ఆయన డైరెక్టరు.

జ్ఞానచంద్ర ఘోష్ 1894లో పుట్టారు. గిరిడీలో బడి చదువు, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పై చదువు. రసాయన శాస్త్రం చెప్పింది ప్రఫుల్లచంద్ర రాయ్. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా ఆ కాలేజీలో తోటి విద్యార్థులు. ఇలాంటి పిల్లలు ముగ్గురు ఒకే చోట దొరికిన మాస్టార్లను తలచుకుంటే నాకు కాస్త అసూయే.

ఇరవై నాలుగేళ్లకే, 1918లో, ఆయన పేరు ఐరోపాకు చేరింది. ఉప్పు నీళ్లలో కరిగితే అయాన్లుగా విడిపోతుందని మీరు చదివారు. అన్నీ విడిపోతే, ద్రావణం చిక్కబడే కొద్దీ ఒక్కో అయాను మోసే కరెంటు ఎందుకు తగ్గుతుంది? ఉప్పు స్ఫటికంలో అయాన్లు వరుసగా కూర్చున్నట్టే ద్రావణంలోనూ ఒక పద్ధతిలో ఉంటాయని, పక్కవాటి ఆకర్షణను తప్పించుకునేంత శక్తి ఉన్నవే కరెంటు మోస్తాయని ఘోష్ లెక్క కట్టి చూపించారు. నెర్న్‌స్ట్, ప్లాంక్ వంటి పెద్దలు దాన్ని గమనించారు. ఘోష్ నియమం అనే పేరూ స్థిరపడింది.

అయిదేళ్లే. 1923లో డిబై, హ్యూకెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొత్త సిద్ధాంతం తెచ్చారు. అయాన్లు వరుసల్లో నిలబడవు, ఒక్కోదాని చుట్టూ వ్యతిరేక ఆవేశం మబ్బులా ముసురుతుంది అన్నారు. ప్రయోగాలకు అదే బాగా సరిపోయింది. ఈనాటి పుస్తకాల్లో వాళ్ల పేర్లే ఉంటాయి. అయితే అయాన్ల మధ్య విద్యుదాకర్షణే అసలు కారణమని ఘోష్ పట్టుకున్న మొదటి మెట్టు మాత్రం సరైనదే. తప్పింది ఆ అయాన్ల అమరిక దగ్గర. జవాబు తప్పినా పద్ధతికి మార్కులు వేసే నాలాంటివాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

అప్పటికి ఆయన ఢాకాలో ఉన్నారు. 1921లో ఆ విశ్వవిద్యాలయం తెరిచినప్పుడే రసాయన శాస్త్ర ఆచార్యుడిగా చేరారు. పాత సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడలేదు. కాంతి రసాయన శాస్త్రంలోకి దిగారు. వెలుగు పడితే చర్య ఎలా మొదలవుతుంది, ఎంత వెలుగు పీల్చుకుంటే ఎంత పదార్థం మారుతుంది అని కొలవడమే ఆ పని. ఓపిక ఉన్నవాళ్లకే సాగుతుంది.

1939లో బెంగళూరు వచ్చారు. అది యుద్ధం మొదలైన ఏడు. 1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో అక్కడి నూనె మనకు అందకుండా పోయింది. పెట్రోలుకు కటకట. బొగ్గు మాత్రం మన దగ్గర దండిగా ఉంది. ఎర్రగా కాలిన బొగ్గు మీద నీటి ఆవిరి పంపితే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వస్తాయి. ఆ వాయువులను వేడి కోబాల్టు ఉత్ప్రేరకం మీదుగా నడిపితే పెట్రోలు, డీజిలు వంటి నూనెలు తయారవుతాయి. దీన్ని ఫిషర్-ట్రాప్ష్ పద్ధతి అంటారు. బెంగళూరులో ఘోష్ చేపట్టిన పెద్ద పరిశోధన ఇదే. ఆ ఉత్ప్రేరకాల పైభాగానికి హైడ్రోజన్ ఎంత అంటుకుంటుందో ఎం.వి.సి. శాస్త్రి వంటి సహచరులతో కలిసి కొలిచారు. డైరెక్టరుగా ఆయన ఉండగానే 1942లో సంస్థలో విమాన ఇంజనీరింగు విభాగం మొదలైంది.

ఆయన కాలానికి వెలుగు ఒక పని, ఉత్ప్రేరకం ఇంకొక పని. ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల ఆ రెండింటినీ ఒకే గిన్నెలో కలుపుతున్నారు. రుథీనియం ఉన్న రంగు అణువు ఒకటి ఎండను పీల్చుకుని ఎలక్ట్రానును వదులుతుంది. కోబాల్టు ఉన్న ఇంకో అణువు ఆ ఎలక్ట్రాన్లను రెండేసి కూడబెట్టి, నీటిలోని రెండు హైడ్రోజన్ అయాన్లకు అందించి హైడ్రోజన్ వాయువు చేస్తుంది. పగటి ఎండ ఇలా వాయువుగా నిల్వ అయితే రాత్రి వాడుకోవచ్చు. చిక్కేమిటంటే, ఏ వెలుగుతో పని చేస్తాయో ఆ వెలుగులోనే ఈ అణువులు కొంతసేపటికి పాడైపోతాయి. అది ఇంకా తేలని లెక్క.

1948లో ఘోష్ బెంగళూరు వదిలారు. తరువాత ఖరగ్‌పూర్ ఐఐటీకి తొలి డైరెక్టరు అయ్యారు. స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో 1951లో అక్కడి తరగతులు మొదలయ్యాయి. ఆపై కలకత్తా విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా, ప్రణాళికా సంఘం సభ్యులుగా పనిచేసి 1959 జనవరి 21న కన్నుమూశారు. ఆ ఏడే మద్రాసులో ఐఐటీ తెరిచారు. శాస్త్రి గారు ఆ సంస్థలో చేరి హైడ్రోజన్‌ను ఇంధనంగా వాడడం మీద పరిశోధన కొనసాగించారు.